పేరు పలకకూడని ఆకు

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి మా ఇంట్లో ఎవరూ చదవలేరు. మా ఆయనకు తెలుగు మాట్లాడడమే తప్ప అక్షరం రాదు. మా అత్తకు ఏ అక్షరమూ రాదు. పిల్లలు చదివింది అరవం, ఇంగ్లీషు. నేను కుప్పం పక్క పుట్టి, పదో తరగతి దాకా తెలుగులో చదివి, పెళ్ళై తమిళనాడులోని పెరియంపట్టికి వచ్చినదాన్ని. అందుకని ఎవరి మీద ఎంత కోపం ఉందో మొహమాటం లేకుండా రాసుకోవచ్చు. షుగరు ఉన్నవాళ్ళకు ఇది పనికొస్తే సంతోషం. రాకపోయినా నా కడుపుమంట కొంచెం చల్లారుతుంది.

2005లో మామిడి కోతలప్పుడు మొదలైంది. తోటలో కూలీలకు తీసుకెళ్ళిన బిందెడు నీళ్ళలో సగం నేనే తాగేస్తున్నాను. పిక్కలు పట్టేస్తున్నాయి. నిద్ర లేచినప్పటి నుంచే అలసట. ఎండ దెబ్బ అంది మా అత్త. దిష్టి అంది పక్కింటావిడ. ధర్మపురికి పోయి రక్తం ఇస్తే పరగడుపున రెండువందల ఎనభై అని చెప్పారు.

ఆ మాట వినగానే నాకు మా అమ్మ కాలు గుర్తొచ్చింది. షుగరుతోనే అమ్మకు మోకాలి కింద తీసేశారు. అమ్మను ఎత్తి కారులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది మా ఆయన క్రిష్ణప్పే. నేనూ మా చెల్లెలు రుక్మిణీ వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నాం. కాలు పోయాక అమ్మ ఏడాది కూడా బతకలేదు. రుక్మిణిని కంబైనల్లూరులో ఇచ్చారు. దానికి నాకంటే ముందే షుగరు బయటపడింది. ఇప్పుడు నాకూ వచ్చింది.

డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసింది. అవి వేసుకుంటే కడుపులో దేవేది, నోరంతా ఇనుప రుచి. సంగటి చూస్తే వాంతికొచ్చేది. ఒంట్లో ఏ జబ్బూ లేనట్టు తిరిగే మా అత్త, "ఇంగిలీసు మందు వేడి. అది రోగం కంటే ముందు మనిషిని తినేస్తాది" అని రోజూ నా ముందు కూర్చుని చెప్పేది. నేను మాత్ర మింగుతున్నంతసేపూ నా గొంతు వైపే చూసేది.

అప్పుడు దిగాడు మా చిన్నమామ. మా ఆయనకు చిన్నాయన, పాపారపట్టిలో ఉంటాడు. కొండ పక్కన పొలం. షుగరుకు ఆకు ఇస్తాడని ఆ చుట్టుపక్కల మంచి పేరు. ఒక్క పైసా తీసుకోడు, అది నిజం, ఆ మాట ఆయన ఎదురుగా కూడా అంటాను. పొద్దు పొడవకముందే కొండకు పోయి, తీగకు పసుపు నీళ్ళు చల్లి, దండం పెట్టి కోసుకొస్తాడు. రోగులకు ఆయన పెట్టే షరతులు మూడు. మండలం పాటు పత్యం ఉండాలి, రాగి అంబలి తప్ప వరి అన్నం ముట్టకూడదు. ఈ మందు తినేటప్పుడు వేరే మందు మింగకూడదు, మింగితే ఆకును అవమానించినట్టు. అన్నింటికంటే పెద్దది, ఆ ఆకు పేరు పలకకూడదు. పలికితే మందు పారదు.

ఆయన సంచీలోంచి ఆకు తీసి నా చేతిలో పెట్టగానే నేను, "అయ్యో, పొడపత్రి కదా మామా ఇది! మా ఊళ్ళో కంచెల మీద పాకి ఉంటుంది" అన్నాను.

మా అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చిన్నమామ కళ్ళు మూసుకుని, "తెలీక పలికింది, పాపం లేదు. ఇంకోసారి అనొద్దు తల్లీ" అన్నాడు.

తర్వాత పరీక్ష చేసి చూపించాడు. నాలుగు ఆకులు నమిలించాడు, గడ్డి చేదు. ఉమ్మేసి నోరు కడుక్కున్నాక చిటికెడు చక్కెర నాలుక మీద వేశాడు. ఇసక! నిజంగా ఇసక నోట్లో వేసుకున్నట్టే ఉంది. తీపన్నది లేనే లేదు.

"చూసినావా? సక్కర చచ్చిపోయింది. నాలిక మీద చచ్చింది నెత్తుట్లో చావదా?"

అంతే. ఇంట్లో అందరూ ఆకు నమిలారు. పక్కింటివాళ్ళు వచ్చి నమిలారు. ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు చక్కెర పోసుకుని తిరనాళ్ళలో లాగా నవ్వారు. గంట పోయాక నేను కాఫీ నోట్లో పోసుకుంటే మళ్ళీ తియ్యగా ఉంది. "గంటకు నాలిక మీద మళ్ళా బతికింది గదా మామా, నెత్తుట్లో గూడా బతుకుతాదా?" అని అడిగాను. చిన్నమామ మా ఆయన వైపు చూసి, "ఆడపిల్లను పదో తరగతి దాకా చదివిస్తే ఇట్లనేరా క్రిష్ణప్పా" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయినా ఆకు మీద నాకు ఆశ లేకపోలేదు. మాత్రలు ఎప్పుడు వదుల్తాయా అని ఎదురుచూస్తున్నాను. రుక్మిణికి ఫోను చేసి చెబితే అది నాకంటే ఆశపడింది. దానికీ మాత్రలంటే అసహ్యమే.

"నువ్వు ముందు తిని చెప్పక్కా. నీకు దిగితే నేనూ మాత్తరలు మానేస్తాను."

"రక్తం చూపించే చెప్తాను. నాలిక మాట నమ్మేది లేదు" అన్నాను. కాబట్టి ఇది నా ఒక్కదాని సంగతి కాదు. రెండు జతల కాళ్ళ సంగతి. అది బాగా తెలిసే, ఒక పద్ధతిగా చేద్దామనుకున్నాను. మాత్రలు మానేసి, డబ్బా అటక మీద పెట్టేశాను. ఆకు, అంబలి, పొలం పని, అంతే. ఇంకేమీ మార్చను. నెత్తురు ఏం చెబితే అది.

ధర్మపురి బస్టాండు దగ్గర రక్తం పరీక్ష చేసే చోట ఓ పొడుగు బెంచీ ఉండేది. పరగడుపున ఒకసారి ఇచ్చి, హోటల్లో తినొచ్చి మళ్ళీ ఇవ్వాలి. మధ్యలో కూర్చున్నంతసేపూ వైద్యమే. కాకరకాయ రసమని ఒకాయన, తంగేడు పువ్వు కషాయమని ఇంకొకామె, నేరేడు గింజల పొడి అని ఆమె మొగుడు. ఇన్ని మందులు తెలిసినవాళ్ళంతా ఇక్కడెందుకు కూర్చున్నారని ఎవరూ ఎవర్నీ అడగరు. పైగా సగం మంది రక్తం ఇచ్చే ముందు రోజు పస్తుండి వచ్చినవాళ్ళు. డాక్టరు తిడతాడని లెక్క తగ్గించుకుంటారట. పరీక్షలో దొంగ చూపులు చూసి పాసయ్యే పిల్లల్లాగా.

ఆకు మొదలుపెట్టాక మొదటిసారి చూపిస్తే షుగరు దిగలేదు. కొంచెం ఎక్కింది కూడా.

ఇంటికొచ్చి చెప్పాను. ఆకు సంగతి ఆలోచిస్తారనుకున్నాను. ఎవరూ ఆలోచించలేదు, నా తప్పులు వెతికారు. మొదటి రోజే పేరు పలికావన్నారు. సంగట్లోకి చింతపండు పులుసు తిన్నావన్నారు. చావు ఇంటికి పోయొచ్చి తల స్నానం చెయ్యకుండా ఆకు ముట్టావంది మా అత్త. దిగితే ఆకు గొప్ప, దిగకపోతే నా తప్పు. ఇదేం పరీక్ష? గెలిచేది ఎప్పుడూ ఒకరే అయితే ఇంక పోటీ ఎందుకు? గిన్నెలు గట్టిగా పెట్టి నా కోపం తీర్చుకున్నాను. మాకు చేతనైంది అంతే కదా.

మా ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాటి నుంచి ఒక వింత జరిగింది. పెళ్ళైనప్పటి నుంచి వంటింటి గడప లోపలికి తొంగి చూడని మనిషి, పొద్దున్నా సాయంత్రమూ నా అంబలి తనే మజ్జిగ పోసి కలిపి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు కూసో. నేను తెస్తాను" అనేవాడు. నా పక్కనే నిలబడి, తాగేదాకా చూసి, చెంబు తీసుకుపోయేవాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బావి దగ్గర ఆడవాళ్ళకు చెప్పుకున్నాను. "నీ మొగుడు దేవుడే" అన్నారు వాళ్ళు. అవునని తలూపాను!

రెండోసారి రక్తం చూపిస్తే నూటముప్పై.

ఆ సాయంత్రం మా ఇంట్లో పండగే. చిన్నమామకు కబురు పంపితే కొత్త తలగుడ్డ చుట్టుకుని వచ్చాడు. వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఊరివాళ్ళు నా షుగరు లెక్క అడిగి మరీ విన్నారు. "నా మందు కాదు, కొండ మందు" అని ఆయన చేతులెత్తి కొండ వైపు దండం పెట్టాడు. మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. అది వినయం అనుకున్నాను.

నేను రుక్మిణికి ఫోను చేశాను. "పని చేస్తాది రుక్కూ. రక్తం చూపించినాను. నూటముప్పై."

"నిజంగా?"

"అమ్మ తోడు."

అమ్మ మీద ఒట్టేశాను. ఆ మర్నాడే చిన్నమామ కంబైనల్లూరు బస్సులో ఆకు పంపించాడు.

ఆషాఢంలో, ఇక్కడివాళ్ళ ఆడి నెలలో, గాలులు మొదలైనప్పటి నుంచి నాకు ఇంకో బాధ పట్టుకుంది. ఉన్నట్టుండి చేతులు వణికేవి. ఒళ్ళంతా చెమట. ఎప్పుడూ తిండి చూడనిదానిలాగా ఆకలి. ఒకసారి టమోటా తోటలో కాయలు కోస్తూ సాలు మధ్యలోనే కూలబడిపోయాను. కూలి ఆడది నీళ్ళు చల్లి లేపింది. "మందు పారతా ఉండాది, రోగం ఒంట్లో నుంచి దిగేటప్పుడు వణికిస్తాది" అని చిన్నమామ కబురు పంపాడు. మండలం దాటినా మానొద్దు, ఇంకో మండలం పట్టమన్నాడు. మా అత్త ఆకు ఇంకో గుప్పెడు ఎక్కువ నూరింది. నాకు అనుమానం వచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి పోదామంటే మా ఆయన రేపన్నాడు, టమోటా ధర చూసి పోదామన్నాడు, బండి లేదన్నాడు. నా మాటకు ఎదురు చెప్పని మనిషి ఇన్ని సాకులు ఎందుకు చెబుతున్నాడో నాకు అర్థం కాలేదు. చివరికి రెండు నెలలకు, పురటాసిలో, "నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను" అని చీర కట్టుకుని బయల్దేరితే వెంట వచ్చాడు.

పరగడుపు పరీక్ష కాబట్టి ఏమీ తినలేదు. బస్సుకు ఆలస్యమై ఆకు కొంగున కట్టుకొచ్చి, రక్తం ఇచ్చాక ఆ బెంచీ మీదే కూర్చుని నమిలాను. కాసేపటికి గోడ మీది గడియారం రెండుగా కనిపించింది. చెమటతో రవిక తడిసిపోయింది. పక్కన కూర్చున్న ముసలామె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. నా మొహం చూసి, మనవడి కోసం కొన్న కమ్మరకట్టు కాగితం విప్పి నా నోట్లోకి తోసింది. "సప్పరించు తల్లీ, సప్పరించు" అని అరవంలో అంటూ నా గదమ పట్టుకుంది.

బెల్లపు మిఠాయి అది. నాకు మట్టిగడ్డ చప్పరిస్తున్నట్టుంది, తీపి ఆనవాలే లేదు. కానీ అది కరుగుతున్న కొద్దీ చేతుల వణుకు తగ్గింది. గడియారం మళ్ళీ ఒకటైంది. నాలుకకు తెలియని తీపి నెత్తుటికి తెలిసింది! చిన్నమామ మా ఇంట్లో చేసి చూపించిన పరీక్ష అంతా ఆ బెంచీ మీద నా నోట్లోనే తేలిపోయింది. ఆ ముసలామెకు దండం పెట్టేలోపు ఆమెను లోపలికి పిలిచారు. మళ్ళీ కనబడలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి, "యాభైరెండు. ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. ఏ మాత్ర వేసుకుంటున్నావు?" అని అరవంలో అడిగింది.

"మాత్రలు మానేసి చాలా రోజులైంది. ఆకు ఒక్కటే" అన్నాను.

"ఒక్కటేనా?" అని ఆమె నన్ను కాదు, నా వెనక నిలబడ్డ మా ఆయన్ను చూసి అడిగింది. నేనూ వెనక్కి తిరిగాను. క్రిష్ణప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పొడి చేసి అంబట్లో కలిపినాను" అన్నాడు. "మొదటి తూరి దిగలేదని చెప్పినావు గదా. అటక మీద డబ్బా తీసినాను. అయిపోతే సంతకు పోయినప్పుడు కొనుక్కొచ్చినాను. పొద్దునొకటి, సాయంత్రమొకటి. మీ అమ్మను ఎత్తుకున్నది నేనే గదా. నిన్ను గూడా ఎత్తుకోలేనమ్మే."

కుర్చీ పూర్తిగా ఆయన వైపు తిప్పుకున్నాను.

"నాతో చెప్పేదానికేమి?"

"చెప్తే నువ్వు అరుస్తావు."

"నూటముప్పై అని ఊరంతా చెప్పుకున్నారే, అప్పుడైనా?"

"చిన్నాయన తలగుడ్డ చుట్టుకోనొచ్చినాడు. ఊరి ముందర ఆయన మర్యాద ఏం గావాల? ఆకు తినేటప్పుడు మాత్తర కలిపినానంటే పాపారపట్టిలో ఆయన తల ఎత్తుకోని తిరగతాడా? మండలం అయినాక చెప్దామనుకున్నాను. అయినాక ఇంకా చెప్పలేకపోయినాను."

ఆయన మర్యాద! నా ఒంటి మీద నేను పెట్టుకున్న పరీక్షను నాకే తెలియకుండా చెడగొట్టి, ఒక తలగుడ్డ వంగకూడదని గమ్మునున్నాడు. ప్రేమతోనే చేశాడు, నాకు తెలుసు. అందుకే తిట్టడానికి కూడా దారి లేకుండా పోయింది. ప్రేమ లేనివాడైతే ఆ బెంచీ మీదే దులిపేసి ఉండేదాన్ని. "అయితే దింపింది మాత్రేనా, ఆకేమైనా చేసిందా?" అని డాక్టరమ్మను అడిగాను. "రెండూ కలిపి పోస్తే ఏది ఏం చేసిందో నేనెట్లా చెప్పేది?" అంది. ఆమె మాటలో తప్పు లేదు.

బయటికి రాగానే నాకు రుక్మిణి గుర్తొచ్చింది. బస్టాండులో ఫోను దొరకబుచ్చుకుని చేశాను. మాత్రలు ఇప్పుడే వేసుకో, అంతా అబద్ధం అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"రుక్కూ, వింటా ఉండావా?"

"కాలికి చెప్పు కరిసిందక్కా" అంది మెల్లగా. "వేలు నల్లగయ్యింది."

"ఎప్పుడు? ఎందుకు చెప్పలేదు?"

"నీకు దిగి నాకు దిగకపోతే తప్పు నాదే గదా అనుకున్నాను. పిల్లోళ్ళకు ఆకు చూపిస్తా ఒకరోజు పేరు పలికేసినాను. మళ్ళా పత్యం సరిగ్గా పట్టి చూద్దామని ఉన్నాను."

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ మాటే. ఆకు మీద నాకు పగ లేదు. కొండ మీద దాని పాటికది పాకుతోంది, ఎవర్నీ రమ్మని పిలవలేదు. మందు పారకపోతే రోగిదే తప్పన్న ఆ మాట ఎవరు పుట్టించారో, వాళ్ళను నాకు చూపించాలి. దాని వల్ల నా చెల్లెలు నల్లబడ్డ వేలికి గుడ్డ చుట్టి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా నడిచింది. సేలం పెద్దాసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే పోయేదన్నారు.

ఇప్పుడు 2008. మేమిద్దరం మాత్రలు వేసుకుంటున్నాం. డాక్టరమ్మ మార్చి ఇచ్చింది, దేవడం తగ్గింది. రుక్మిణి మడమ మీద బరువు వేసి నడుస్తుంది. మా ఆయన ఇప్పటికీ అంబలి తెస్తాడు. నేను ముందు చెంబు ఆయనకే ఇచ్చి, మొదటి గుక్క తాగించి, తర్వాత తాగుతాను. చిన్నమామ ఇంకా ఆకు ఇస్తున్నాడు. వచ్చినవాళ్ళకు పెరియంపట్టిలో మా క్రిష్ణప్ప పెళ్ళానికి దిగిందని నా పేరే చెబుతున్నాడు. నేను పోయి జరిగింది చెప్పాను. "రెండు మందులు కలిపితే ఆకేం చేస్తాది తల్లీ, అవమానపడింది" అన్నాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరైనా నన్ను అడగడానికొస్తే అంబలి సంగతి మొదటి నుంచి చెబుతాను. వింటారు. విని, చిన్నమామ దగ్గరికి పోతారు. ఆకు తినేవాళ్ళకు నేను అడ్డం చెప్పను. మాత్ర మాత్రం మానొద్దు, డాక్టరు దగ్గర దాచొద్దు, కాలికి దెబ్బ తగిలితే సిగ్గుపడొద్దు. ఈ మూడే చెబుతాను.

సేలం ఆసుపత్రిలో ఒక రోజు గురించి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. వేళ్ళు తీసిన మూడో నాటికి రుక్మిణి లేచి దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. మా ఆయన్ను తిట్టాను, చిన్నమామను తిట్టాను, మా అత్తను తిట్టాను. అది అంతా విని, "అయితే ఆకు పని చేస్తాదా, చెయ్యదా?" అని అడిగింది.

"తెలీదు రుక్కూ."

"అన్నాళ్ళు తిని గూడా తెలీదా?"

"ఆకు ఒక్కటే తిన్నానా?"

"నేను ఆకును నమ్మి మాత్తరలు మానలేదక్కా. నువ్వు చెప్పినావని మానినాను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అందరి మీదా నా దగ్గర మాటలున్నాయి, దానికి మాత్రం ఒక్క మాట దొరకలేదు.

అప్పుడే కట్టు మార్చడానికి నర్సు పళ్ళెం పట్టుకుని వచ్చింది. కూడా వచ్చినవాళ్ళు బయట ఉండాలని నన్ను లెమ్మంది. నేను లేచాను. నిజం చెప్పాలంటే, పోవడానికే లేచాను.

"ఉండనీ సిస్టర్" అంది రుక్మిణి అరవంలో. నా వైపు చూసి మళ్ళీ తెలుగులో చెప్పింది. "ఉండక్కా. నువ్వు చూడాల."

నర్సు గుడ్డ విప్పింది. నేను చూశాను.